స్కూల్ సైకాలజిస్టు అవ్వాలంటే? తొమ్మిది నుంచి ఇంటర్ దాకా పిల్లలు అడిగే ప్రశ్నలు

నేను స్కూల్ సైకాలజిస్టుని. హనుమకొండ, వరంగల్, కాజీపేట బడుల్లో కెరీర్ క్లాసుకు పిలిచినప్పుడు చివర్లో నేను తెల్లకాగితం ముక్కలు పంచుతాను. ‘ఏమైనా అడగండి’ అంటే ఒక్క చెయ్యీ లేవదు. పేరు రాయొద్దని చెప్పి చీటీ ఇస్తే మాత్రం డబ్బా నిండుతుంది. పదే పదే వచ్చే చీటీలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మధ్యలో వచ్చే పిల్లల వివరాలను ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను.

స్కూల్ సైకాలజిస్టు అంటే పిచ్చి డాక్టరా మేడం?

ప్రతి బడిలో కనీసం ఒక చీటీ ఇదే ఉంటుంది. కోపమేమీ రాదు. మా పెద్దమ్మ కూడా చుట్టాలకు నన్ను ఇప్పటికీ ఇట్లనే పరిచయం చేస్తుంది.

నేను డాక్టర్ని కాదు, మందులు రాయను. ఒక పిల్లాడికి చదువు ఎక్కడం లేదు, ఇంకొకరు క్లాసులో కుదురుగా కూర్చోలేరు, మరొకరు నిన్నటిదాకా గలగలా మాట్లాడి ఉన్నట్టుండి నోరు మూసుకున్నారు. ఎందుకిలా అయిందో కనుక్కోవడం మా పని. కనుక్కున్నాక టీచరు ఏం మార్చాలి, ఇంట్లో ఏం మారాలి, ఆ పిల్లాడు ఏం నేర్చుకోవాలి అని అందరం కూర్చుని చూస్తాం. సలహాలు చెప్పే ఉద్యోగం అనుకుని చాలామంది ఇష్టపడతారు. సలహాలు చెప్పేవాళ్లకు మన ఊళ్లలో ఎప్పుడూ కరువు లేదు. కనుక్కునేవాళ్లే తక్కువ.

ఈ పని పుట్టిందే అట్లా. 1896లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో లైట్నర్ విట్మర్ అనే ప్రొఫెసర్ దగ్గరికి ఒక టీచరు 14 ఏళ్ల కుర్రాణ్ని తీసుకొచ్చింది. తెలివైనవాడే, స్పెల్లింగ్ మాత్రం రాదు. విట్మర్ ముందు కళ్లు పరీక్ష చేయించాడు. చూపులో లోపం తేలింది, అద్దాలు పెట్టించారు, చదువు నేర్పడం ఆ తర్వాత మొదలైంది. నూట ముప్పై ఏళ్లు కావస్తున్నా నేను ఈ రోజుకీ అదే వరస పాటిస్తాను: ముందు కళ్లు, చెవులు, ఆ తర్వాతే మిగతావి.

రోజంతా కుర్చీలో కూర్చుని మాట్లాడటమేనా?

కూర్చునేది తక్కువ. పొద్దున గేటు దగ్గర నిలబడతాను. జట్టుగా వచ్చే ముగ్గురిలో ఈ రోజు ఒకమ్మాయి పది అడుగులు వెనక నడుస్తోందంటే గుర్తుపెట్టుకుంటాను. తర్వాత హాజరు రిజిస్టర్లు తిరగేస్తాను. వెనక బెంచీలో కూర్చుని క్లాసు చూస్తాను. స్టాఫ్ రూములో టీ తాగుతూ విన్న మాటల్లో సగం పని జరుగుతుంది. మిగిలింది అమ్మానాన్నలకు ఫోన్లు, రాత పని. ఈ రాత పని గురించి ముందుగా ఎవరూ చెప్పరు, అది చాలా ఉంటుంది.

ఒకటి దగ్గరగా చూపిస్తాను. కొన్నాళ్లు ఒక గురుకులానికి వారానికి రెండు రోజులు వెళ్లేదాన్ని. తల్లిదండ్రులు వచ్చిపోయిన ఆదివారం తర్వాత సోమవారం నాడు సిక్ రూమ్ నిండిపోయేది. ఐదో తరగతిలో కొత్తగా చేరిన ఒకమ్మాయి ప్రతిసారీ అక్కడే. ‘కడుపు నొస్తుంది మేడం.’ డాక్టరుకు చూపించారు, కడుపులో ఏమీ లేదన్నారు. మాత్ర ఇస్తే తగ్గదు. ఒక రోజు ‘నీ పెట్టె చూపిస్తవా?’ అని అడిగాను. ట్రంకు పెట్టె తెరిచింది. బట్టల కింద పాత తువ్వాలులో సకినాల మూట. సంక్రాంతికి వాళ్లమ్మ చేసి ఇచ్చినవి. అప్పటికి ఫిబ్రవరి సగం అయిపోయింది. ముక్క వాసన వస్తున్నాయి, ఒక మూల చీమలు పట్టాయి. తినలేదేం అంటే, ‘తింటే ఒడుస్తయి కద మేడం’ అంది.

ఆ పిల్లకు నేను ధైర్యవచనాలేమీ చెప్పలేదు. వార్డెన్‌తో మాట్లాడి వారం మధ్యలో ఒకసారి ఇంటికి ఫోన్ చేయించే ఏర్పాటు చేశాం. వాళ్ల మండలం నుంచే వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి పడకను దగ్గరికి మార్చాం. వాళ్లమ్మ వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి అక్కడే కూర్చుని తినమన్నాం, దాచుకోవడానికి ఏమీ ఇవ్వొద్దన్నాం. రెండు నెలల్లో సిక్ రూముకు రావడం తగ్గింది. పూర్తిగా మానలేదు. మా పనిలో ‘పూర్తిగా’ అనే మాట అరుదు.

కౌన్సెలర్, సైకాలజిస్టు, సైకియాట్రిస్టు ఒకటేనా?

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆ పైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. సైకాలజిస్టు సైకాలజీలో పీజీ చేసినవారు. అందులో క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి అక్కడ నమోదు కావాలి. కౌన్సెలర్ అనే మాట మాత్రం మన దగ్గర బాగా సాగిపోయింది. ఎంసెట్ సీట్ల కేటాయింపు కౌన్సెలింగే, బ్యాంకు లోను మాట్లాడేదీ కౌన్సెలింగే. బోర్డు మీద ఆ మాట కనిపిస్తే లోపలున్నవారు ఏం చదివారో అడగడం మీ హక్కు.

‘స్కూల్ సైకాలజిస్టు’ అనే పేరుతో మన దేశంలో విడిగా లైసెన్సు లేదు. బడుల్లో ఈ పని చేసేవాళ్లను ఎక్కువగా స్కూల్ కౌన్సెలర్ అనే పిలుస్తారు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం సైకాలజిస్టులను కూడా తన జాబితాలోకి తెచ్చింది, కాబట్టి ముందు ముందు నియమాలు బిగుసుకుంటాయి. మీరు చదువు ముగించే నాటికి ఇప్పుడున్నంత వదులుగా ఉండదని నా అంచనా.

ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలి? బైపీసీ తప్పదా?

అట్లా ఏమీ లేదు. హెచ్‌ఈసీ, సీఈసీ, బైపీసీ, ఎంపీసీ ఏది చేసినా ఈ దారిలోకి రావచ్చు. మన ఇంటర్ కాలేజీల్లో సైకాలజీ సబ్జెక్టు దొరకడం కష్టం, సీబీఎస్‌ఈలో పదకొండు, పన్నెండు తరగతుల్లో ఉంది. ఇంటర్లో చదవలేదని డిగ్రీలో వెనకబడతారని భయపడొద్దు.

ఒక్క మాట మాత్రం బైపీసీ మీద. మెదడు, నరాలు, హార్మోన్లు అంటే ఆసక్తి ఉంటే తీసుకోండి, పనికొస్తుంది. నీట్ రాకపోతే సైకాలజీ చేద్దాం అనే లెక్కతో మాత్రం తీసుకోకండి. అట్లా వచ్చినవాళ్లు మూడేళ్లూ పోయిన సీటునే తలుచుకుంటూ కూర్చోవడం చూశాను. ఇంకో సంగతి, ఎంపీసీ పిల్లలు నవ్వుతారు గానీ, డిగ్రీ నుంచే స్టాటిస్టిక్స్ ఉంటుంది. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం లేకుండా ఒక్క టెస్టు రిపోర్టు కూడా అర్థం కాదు. లెక్కలు తప్పించుకోవడానికి సైకాలజీకి రావాలనుకుంటే ఇప్పుడే చెబుతున్నాను, అవి ఇక్కడికీ వస్తాయి.

ఆ తర్వాత ఎన్నేళ్లు, ఎక్కడ చదవాలి?

డిగ్రీ, ఆ పైన రెండేళ్ల పీజీ. పీజీ లేకుండా ఈ పనిలో నిలబడటం కష్టం. డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా జరుగుతాయి. సైకాలజీ ఒక సబ్జెక్టుగా ఉన్న కాంబినేషన్ ఏయే కాలేజీల్లో ఉందో వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే వెతకండి. మన వైపు కన్నా హైదరాబాదులో ఎక్కువ దొరుకుతాయి, హాస్టల్ ఖర్చు లెక్కేసుకోవాలి. రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీకి సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఉస్మానియాలో సైకాలజీ విభాగం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సెంటర్ ఫర్ హెల్త్ సైకాలజీ ఉంది. డిగ్రీలో సైకాలజీ లేకపోయినా పీజీకి తీసుకుంటారా అనేది యూనివర్సిటీని బట్టి మారుతుంది, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి.

సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ఒకటుంది, ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటారు. మేధో వైకల్యం ఉన్న పిల్లలతో పని చేయాలనుకునేవారికి అక్కడ శిక్షణ దొరుకుతుంది. ఇప్పటికే టీచరుగా ఉన్నవారికైతే ఎన్‌సీఈఆర్‌టీ ఇచ్చే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా మంచి దారి. మన రాష్ట్రం మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ పరిధిలోకి వస్తుంది. మీలో బీఈడీ చేసి టీచర్ అవ్వాలనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి. బడి తీరు తెలిసిన టీచరు కౌన్సెలర్ అయితే పిల్లలకు చాలా మేలు.

దూరవిద్యలో చేస్తే కుదరదా? ఇంట్లో డబ్బులు లేవు.

రెండేళ్ల క్రితం అడిగి ఉంటే కుదురుతుందనే చెప్పేదాన్ని. 2025లో యూజీసీ నియమం మార్చింది. ఆ ఏడాది జూలై, ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ కొత్తగా మొదలుపెట్టడానికి వీల్లేదు. ఇప్పుడు కూడా ఎవరైనా ఫోన్ చేసి ‘ఇంట్లో కూర్చుని సైకాలజీ డిగ్రీ, ఫీజులో సగం తగ్గింపు’ అంటే ఒక్క రూపాయి కట్టకండి.

డబ్బుల సంగతికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు. ప్రభుత్వ కాలేజీ, స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే కోర్సు, బీసీ, ఎస్సీ, ఎస్టీ హాస్టల్ సీటు. ఈ నాలుగూ ఇంటర్ సెకండియర్‌లో ఉండగానే కనుక్కోవాలి, రిజల్ట్స్ వచ్చాక పరుగెత్తితే కాదు.

మీరు ఐక్యూ టెస్టు చేస్తారట. నాది ఎంతో చెప్తారా?

ఇది అడిగేవాళ్లు ఎక్కువగా క్లాస్ ఫస్ట్ వచ్చేవాళ్లే. చెప్పను. జాతకం చూసినట్టు సరదాకు చేసే టెస్టు కాదది. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, సిమోన్ మొదటి టెస్టు తయారు చేసింది బడిలో అదనపు సాయం కావలసిన పిల్లలెవరో తెలుసుకోవడానికి. గొప్పవాళ్లను ఏరడానికి కాదు.

టెస్టు సంఖ్య కన్నా టెస్టు చేసే మనిషి ముఖ్యం అని నాకు నేర్పింది మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చిన ఒక ఆరో తరగతి అబ్బాయి. ‘మొద్దు మేడం, ఏం అడిగినా నేల చూస్తడు’ అని పంపారు. బొమ్మల టెస్టు ఒకటుంటుంది, రేవెన్స్ మ్యాట్రిసెస్ అంటారు. ఒక డిజైన్‌లో ముక్క తప్పిపోయి ఉంటుంది, కింద ఉన్నవాటిలో సరిపోయేదాన్ని చూపించాలి. మాటలతో పని లేదు. మొదటి రెండు పేజీలు మెల్లగా చూశాడు. ఐదో పేజీ నుంచి నేను తిప్పేలోపే అంచు పట్టుకుని లాగుతున్నాడు. అదే పిల్లాణ్ని తెలుగులో మాటల అర్థాలు అడిగితే మళ్లీ నేల చూపులు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష. పైగా అమ్మానాన్న మిర్చి ఏరడానికి వలస పోతే రెండేళ్లు ఆ కాలంలో బడే లేదు. తెలివికి లోటు లేదు, బడి భాషకూ ఇంటి భాషకూ మధ్య అతను ఒక్కడే నిలబడ్డాడు. రిపోర్టులో నేను రాసింది ‘తెలుగు చదవడం మొదటి నుంచి నేర్పాలి, ఏడాది ఆగి మళ్లీ చూడాలి’ అని.

మనం వాడే పాత టెస్టుల్లో బినే-కామత్ కన్నడ, మరాఠీ మాట్లాడే పిల్లల మీద తయారైంది. మాలిన్స్ టెస్టు నాగపూర్‌లో పుట్టింది. ములుగు కోయ పిల్లలకో, ఆదిలాబాద్ గోండు పిల్లలకో వాటిని తీసుకెళ్లి అంకె చెప్పేసి వస్తే అన్యాయం. ఈ ప్రాంతం పిల్లలకు ఈ ప్రాంతం భాషలు వచ్చిన సైకాలజిస్టులు కావాలి. తండాల నుంచి, గూడేల నుంచి వచ్చి ఈ చీటీలు రాసేవాళ్లలో కొందరైనా ఇటు రావాలని నా ఆశ, స్వార్థం కూడా.

తెలుగు మీడియం వాళ్లు చేయగలరా?

చేయగలరు. పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి, మొదటి ఏడాది కష్టమే. నేను చదివిన డిగ్రీ పుస్తకం మార్జిన్ల నిండా పెన్సిల్‌తో రాసుకున్న తెలుగు అర్థాలే. కానీ ఉద్యోగంలోకి వచ్చాక లెక్క తిరగబడుతుంది. ఏడుస్తున్న పిల్లాడి నాయనమ్మతో మాట్లాడటానికి ఏ పుస్తకం ఇంగ్లిషూ పనికిరాదు.

మేం చెప్పింది ఎవరికీ చెప్పరా? నిజంగానా?

నిజంగానే, మూడు సందర్భాలు తప్ప. నువ్వు నిన్ను గాయపరుచుకునే ప్రమాదంలో ఉంటే, ఇంకొకరికి ప్రమాదం ఉంటే, నీ మీద గానీ వేరే పిల్లల మీద గానీ లైంగిక వేధింపు జరిగితే. ఆ చివరిది తెలిసి దాచడం 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం, నాకు వేరే దారి లేదు. ఈ మూడూ మొదటి రోజే చెప్పేస్తాను. అంతా విన్నాక చెబితే మోసం చేసినట్టు ఉంటుంది.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక అబ్బాయి ఇంట్లో గొడవల గురించి చెప్పాడు. వాడి మీద కొంచెం దయ చూపిస్తారని క్లాస్ టీచరుతో ఒక ముక్క అన్నాను. మర్నాడు హోంవర్క్ తేలేదని ఆయన అందరి ముందూ ‘ఇంట్లో పరిస్థితి బాలేదటగా, కూర్చో’ అన్నాడు. ఆయనకు అందులో చెడ్డ ఉద్దేశం లేదు. ఆ అబ్బాయి మళ్లీ నా గది వైపు రాలేదు. వరండాలో ఎదురుపడితే తల తిప్పుకునేవాడు, టెన్త్ అయిపోయేదాకా. ఇప్పుడు టీచరుకు ఏం చెప్పాలో పిల్లాణ్నే అడుగుతాను. ‘సార్‌కు ఇట్ల చెప్పనా?’ అని వాక్యం వాక్యం.

మా బడిలో ఇలాంటి వాళ్లే లేరు. మరి ఉద్యోగాలు ఎక్కడున్నాయి? జీతమెంత?

ప్రైవేటు సీబీఎస్‌ఈ స్కూళ్లలో ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాలు ఏటా ఇంటర్వ్యూలు పెట్టి కాంట్రాక్టు మీద కౌన్సెలర్లను తీసుకుంటాయి. స్వచ్ఛంద సంస్థలు, ప్రత్యేక పిల్లల థెరపీ సెంటర్లు ఉన్నాయి. మన మామూలు ప్రభుత్వ బడిలో లెక్కల సార్ ఉన్నట్టు సైకాలజిస్టు పోస్టు ఉండదు. ఆ భారం క్లాస్ టీచరో పీఈటీ సారో మోస్తుంటారు.

గాలి మాత్రం మారుతోంది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలన్నది అందులో ఒకటి. కాగితం మీది మాట బడి గదిలోకి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలియనిది కాదు.

జీతం స్కూలును బట్టి ఉంటుంది. చిన్న ప్రైవేటు బడిలో సబ్జెక్టు టీచరుకు ఇచ్చేంతే ఇస్తారు, కొన్నిచోట్ల అడ్మిషన్ల సీజన్లో ఊళ్లకు తిరిగి క్యాంపెయిన్ కూడా చేయమంటారు. మొదటి ఐదారేళ్లలో సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన మీ బ్యాచ్ వాళ్లతో పోల్చుకుంటే బాధపడతారు. అనుభవం వచ్చాక రెండు మూడు బడులకు విజిటింగ్‌గా వెళ్తూ, సాయంత్రం సొంతంగా చూసుకునేవాళ్లు ఉన్నారు. నేను అట్లనే చేస్తున్నాను. ఇల్లు గడుస్తోంది.

అమెరికాలో ఈ ఉద్యోగం బాగుంటుందట కదా?

అక్కడ ఇది పాత వృత్తి. ఆర్నాల్డ్ గెసెల్‌ను 1915లోనే కనెక్టికట్ రాష్ట్రం స్కూల్ సైకాలజిస్టుగా నియమించింది. 500 మంది విద్యార్థులకు ఒకరు ఉండాలని వాళ్ల జాతీయ సంఘం సిఫార్సు. ఇక్కడి డిగ్రీతో నేరుగా చేరలేరు. అక్కడ స్పెషలిస్టు స్థాయి కోర్సు, 1,200 గంటల ఇంటర్న్‌షిప్, ఆ రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి.

నాకే టెన్షన్ ఎక్కువ. పరీక్ష ముందు వాంతులు అవుతాయి. నేను ఈ పనికి పనికొస్తానా?

టెన్షన్ పడేవాళ్లు సైకాలజిస్టు కాకూడదంటే నాతో సహా సగం మంది ఇంటికి పోవాలి. మనం పడ్డ కష్టం గుర్తుంటే ఎదుటివాళ్ల మాట వినడం తేలికవుతుంది. కానీ నీ కష్టానికి మందు వెతుక్కోవడానికి ఈ చదువులోకి రావద్దు. ముందు సాయం తీసుకో, ఆ తర్వాత చదువు సంగతి.

ఆ సాయం ఇక్కడే ఉంది. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416, ఏ టైములో చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు. ఎవరైనా కొడుతున్నా వేధిస్తున్నా పిల్లల హెల్ప్‌లైన్ 1098. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుని వెళ్లొచ్చు. రిజల్ట్స్ వచ్చే వారంలో మనసులో చెడ్డ ఆలోచన తిరుగుతుంటే ఈ పేజీ ఇక్కడే ఆపేసి ఆ మొదటి నంబరుకు ఫోన్ చెయ్యి, పక్కనున్న పెద్దవాళ్లలో ఒకరికి చెప్పు.

మా బాపు ‘ఇదేం చదువు’ అంటున్నాడు. ఏం చెప్పాలి?

బాపుతో వాదించకు. ఆయన అడిగేది నిజానికి ‘దీంతో అన్నం దొరుకుతదా’ అని. పైన రాసిన ఉద్యోగాల భాగం, జీతం సంగతితో సహా, ఆయనకు చదివి వినిపించు. మంచి మాటలే ఏరి చెబితే తర్వాత నమ్మడు. డిగ్రీతో పాటు బీఈడీ దారి కూడా తెరిచే ఉంటుందని చెప్పు. టీచరు ఉద్యోగం అంటే మన ఇళ్లలో సగం ఒప్పుకున్నట్టే.

ఇప్పటి నుంచే ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు. ఫ్రెండ్స్‌కు కౌన్సెలింగ్ ఇవ్వడం మాత్రం మొదలుపెట్టకండి, అది ఎక్కడికో పోతుంది. చూడటం అలవాటు చేసుకోండి. మీ బస్సులో, మీ బెంచీలో ఏం జరుగుతోందో వారం రోజులు నోట్‌బుక్‌లో రాయండి. ‘వాడికి కోపం ఎక్కువ’ అని రాయకూడదు. ‘ఇంటర్వెల్‌లో బాటిల్ విసిరాడు, అంతకు ముందు ఇద్దరు వాడి చెప్పులు దాచారు’ అని రాయాలి. మొదటిది తీర్పు, రెండోది చూసింది. ఈ రెండింటికీ తేడా పట్టుబడితే మా కోర్సులో మొదటి ప్రాక్టికల్ సగం అయిపోయినట్టే.

ఇంకొకటి. మండలాల్లో భవిత కేంద్రాలు ఉంటాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడుస్తాయి. మీ హెచ్‌ఎం సార్‌తో లెటర్ రాయించుకుని ఒక పూట వెళ్లి కూర్చోండి. పోయిన ఏడాది ఇట్లా ముగ్గురిని పంపాను. ఇద్దరు గంట తర్వాత బోర్ కొట్టి బయట ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారట. మూడో అమ్మాయి ఒక బాబు చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్చుకుంటుంటే నలభై నిమిషాలు పక్కనే కూర్చుందట, చెయ్యి వేసి సాయం చేయకుండా. గుండీ పడలేదు. మళ్లీ వారం పోవచ్చా అని అడగడానికి నాకు ఫోన్ చేసింది.